జాషువా స్లోకమ్

జాషువా స్లోకమ్ (1844 ఫిబ్రవరి 20 – 1909) తెరచాప పడవలో ఒంటరిగా భూగోళాన్ని చుట్టివచ్చిన మొట్టమొదటి నావికుడు, రచయిత. కెనడాలోని నోవా స్కోషియాలో జన్మించి అమెరికా పౌరసత్వం స్వీకరించాడు. 1895 ఏప్రిల్ 24న బోస్టన్ రేవు నుండి స్ప్రే అనే చిన్న పడవలో బయలుదేరి, 1898 జూన్ 27న రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్టుకు చేరాడు. మూడు సంవత్సరాల రెండు నెలలకు పైగా సాగిన ఈ యాత్రలో దాదాపు 46,000 మైళ్ళు ప్రయాణించాడు. పడవకు ఇంజను లేదు. తోడుగా మరొక మనిషి లేడు. నావికునికి ఈత రాదు.

ఈ యాత్రను సాహసక్రీడగా వర్ణించడం పరిపాటి. నిజానికి ఇది ఆవిరి ఓడల రాకతో వృత్తిని కోల్పోయిన యాభై ఏళ్ళ కెప్టెను, తనకు తెలిసిన ఒకే ఒక విద్యతో బ్రతకడానికి వెదుక్కున్న దారి.

బాల్యం

స్లోకమ్ నోవా స్కోషియాలోని అన్నాపొలిస్ జిల్లా మౌంట్ హాన్లీ గ్రామంలో పదకొండు మంది సంతానంలో ఐదవవాడుగా జన్మించాడు. ఆయనకు ఎనిమిదేళ్ళ వయసులో కుటుంబం బ్రయర్ దీవిలోని వెస్ట్‌పోర్టుకు తరలిపోయింది. మాతామహుడు అక్కడి దీపస్తంభానికి సంరక్షకుడు. తండ్రి జాలరులకు తోలు బూట్లు కుట్టేవాడు, కఠినుడు. పిల్లవాణ్ణి బడి మాన్పించి బూట్ల పనిలో కూర్చోబెట్టాడు. కిటికీలోనుండి ఓడలు కనబడే ఊళ్ళో తోలు నానబెడుతూ కూర్చోవడం ఆ బాలునికి సరిపడలేదు. పధ్నాలుగేళ్ళకు ఇల్లు విడిచి చేపల పడవలో వంటవాడిగా చేరాడు కాని, కొద్ది కాలానికే తిరిగివచ్చాడు. 1860లో తల్లి మరణించడంతో ఇంటితో అనుబంధం తెగిపోయింది. పదహారేళ్ళ వయసులో శాశ్వతంగా సముద్రాన్ని ఆశ్రయించాడు.

బడి చదువు అంతంతమాత్రమే అయినా ఓడల్లో గణితం, ఖగోళం స్వయంగా నేర్చుకొని, పద్ధెనిమిదేళ్ళకే బ్రిటిష్ ప్రభుత్వ పరీక్షలో ఉత్తీర్ణుడై రెండవ అధికారి అర్హత సంపాదించాడు. ఇరవై ఐదేళ్ళకు కెప్టెను అయ్యాడు.

ఓడే ఇల్లు

1871 జనవరి 31న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో వర్జీనియా వాకర్‌ను వివాహమాడాడు. ఆమె భర్తతోబాటు ఓడ ఎక్కింది. పదమూడేళ్ళ దాంపత్యంలో ఎక్కువ భాగం ఓడలపైనే గడిచింది. వారికి ఏడుగురు పిల్లలు పుట్టారు. అందరూ సముద్రంమీదనో, పరదేశపు రేవుల్లోనో పుట్టినవారే. నలుగురు మాత్రమే బ్రతికారు. పిల్లలకు చదువు చెప్పడం, బట్టలు కుట్టడం, తుఫానులో వారిని పడకలకు కట్టి కాపాడుకోవడం వర్జీనియా పనులు.

పెళ్ళైన ఏడాదే స్లోకమ్ నడుపుతున్న వాషింగ్టన్ అనే ఓడ అలాస్కా తీరాన గాలివానకు లంగరు జారి ఒడ్డెక్కి ధ్వంసమైంది. ఆయన తన సిబ్బంది ప్రాణాలనే కాక, ఓడలోని చేపల సరుకులో చాలా భాగాన్ని కూడా చిన్న పడవలలో రేవుకు చేర్చాడు. ఓడ పోగొట్టుకున్న కెప్టెనుకు సాధారణంగా మరొక ఓడ దొరకదు. స్లోకమ్‌కు దొరికింది. ఆ తరువాత కాన్‌స్టిట్యూషన్, పాటో, అమెథిస్ట్ మొదలైన ఓడలు నడిపి, 1880ల ఆరంభంలో నార్దరన్ లైట్ అనే పెద్ద ఓడలో భాగస్వామియై దానికి కెప్టెను అయ్యాడు. తాను నడిపిన వాటిలో ఇదే ఉత్తమమైనదని ఆయన భావించాడు.

ఈ కాలాన్ని గురించి చెప్పేటప్పుడు ఆయన స్వభావంలోని కరకుదనాన్ని దాచడం సరికాదు. నార్దరన్ లైట్‌లో 1882లో తిరుగుబాటు జరిగింది. ఒక అధికారిని సంకెళ్ళలో బంధించి ఉంచినందుకు న్యూయార్కు న్యాయస్థానం ఆయనకు జరిమానా విధించింది. తరువాత అక్విడ్నెక్ అనే సొంత ఓడలో మరొక తిరుగుబాటు వచ్చినపుడు ఇద్దరు నావికులను కాల్చాడు. వారిలో ఒకడు మరణించాడు. బ్రెజిల్‌లో జరిగిన విచారణలో ఆత్మరక్షణగా పరిగణించి ఆయనను నిర్దోషిగా విడుదల చేశారు.

1884 జూలై 25న బ్యూనస్ అయిరిస్ రేవులో లంగరు వేసి ఉన్న అక్విడ్నెక్‌లోనే వర్జీనియా కన్నుమూసింది. ఆమె వయసు 34 సంవత్సరాలు. ఆ తరువాత స్లోకమ్ మునుపటి మనిషి కాలేదని ఆయన పిల్లలు చెప్పేవారు. 1886లో తన బంధువైన హెన్రియెట్టా ఎలియట్‌ను రెండవ వివాహం చేసుకున్నాడు. 1887 డిసెంబరులో అక్విడ్నెక్ బ్రెజిల్‌లోని పరనగువా అఖాతంలో ఇసుకమేటపై ఎక్కి విరిగిపోయింది. భార్యాపిల్లలతో పరాయి దేశంలో చేతిలో పైసా లేకుండా మిగిలిన స్లోకమ్, ఎవరి దయకూ ఎదురుచూడక, విరిగిన ఓడ సామగ్రితోను, స్థానిక కలపతోను 35 అడుగుల పడవను నిర్మించాడు. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయిన 1888 మే 13వ తేదీనాడే దానిని నీటిలోకి దింపి, లిబర్‌డాడె (స్వేచ్ఛ) అని పేరు పెట్టాడు. 55 రోజులలో 5,000 మైళ్ళకు పైగా ప్రయాణించి కుటుంబాన్ని అమెరికా చేర్చాడు. హెన్రియెట్టా మాత్రం అంతటితో సముద్రానికి దండం పెట్టింది.

స్ప్రే పునర్నిర్మాణం

అప్పటికి తెరచాప ఓడల కాలం ముగింపుకు వచ్చింది. సూయజ్ కాలువ (1869) తెరచుకున్న నాటినుండి ఆవిరి ఓడలు దూరప్రాంతపు వర్తకాన్ని ఒకటొకటిగా హస్తగతం చేసుకున్నాయి. గాలికోసం ఎదురుచూడనవసరం లేని ఓడ ఉండగా వర్తకులు గాలిని నమ్ముకున్న ఓడకు సరుకు ఎందుకిస్తారు? ఓడ నిర్మాణానికి పేరుపొందిన మన కోరంగి రేవు క్షీణించడానికి ఇసుకమేటలతోబాటు ఇదీ ఒక కారణమే. ఏళ్ళతరబడి కెప్టెనుగా పనిచేసిన స్లోకమ్ బోస్టన్ ఓడల కార్ఖానాలలో కూలిపని వెదుక్కోవలసి వచ్చింది.

1892లో ఎబెన్ పియర్స్ అనే తిమింగలాల వేట కెప్టెను, కొంచెం మరమ్మతు చేస్తే చాలు, ఒక ఓడ ఇస్తానన్నాడు. మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌కు వెళ్ళి చూస్తే, పచ్చికబయలులో నీటికి దూరంగా గుడ్డకప్పుకొని ఉన్న శిథిలమైన పడవ కనిపించింది. అది వేళాకోళమని ఊరివారికి తెలుసు. దానిని పగలగొట్టి కలపకు అమ్ముకుంటాడనుకున్నారు. స్లోకమ్ దగ్గరలోని ఓక్ చెట్టును నరికి, అడుగుదూలంతో మొదలుపెట్టి, ఒక్కొక్క పాత కొయ్యను తీసి కొత్తది అమరుస్తూ పదమూడు నెలలు పనిచేశాడు. పలకల సందుల్లో నార కూరడం నుండి తెరచాప స్తంభం నిలబెట్టడం వరకు తానే చేసుకున్నాడు. సామగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. కొయ్య అంతా మారిపోయినా పాత పేరే నిలిపాడు.

స్ప్రే పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు. పొడవుకు ఇంత వెడల్పు ఉండడం చూసి కొందరు నిపుణులు పెదవి విరిచారు. కాని పొడుగైన అడుగుదూలం, సమతూకంగా అమర్చిన తెరచాపలు కలిసి దానికొక అరుదైన గుణాన్ని ఇచ్చాయి. చుక్కానిని త్రాటితో కట్టి వదిలేస్తే అది దారి తప్పకుండా తనంతట తాను సాగిపోయేది. ఒంటరి నావికునికి నిద్రపోయే వీలు కలిగించినది ఈ గుణమే. దక్షిణ అమెరికా తీరాన ఆయన ప్రధాన స్తంభాన్ని కురచచేసి, పడవ వెనుక భాగాన మరొక చిన్న స్తంభం చేర్చాడు. అప్పటినుండి ఇది మరింత మెరుగుపడింది. 1897లో థర్స్‌డే దీవి నుండి కీలింగు దీవుల వరకు 2,700 మైళ్ళు 23 రోజులలో దాటినపుడు, ఆయన చుక్కాని పట్టిన సమయం మొత్తం మూడు గంటలు మించలేదు.

ప్రపంచ యాత్ర

ప్రచురణకర్తలకు ప్రయాణలేఖలు పంపి కొంత సంపాదించవచ్చునన్న ఆశతో స్లోకమ్ బయలుదేరాడు. దారి చూసుకోవడానికి మంచి క్రోనోమీటరు అవసరం. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కనుక ప్రామాణిక కాలానికీ, ఉన్నచోటి కాలానికీ గల భేదమే రేఖాంశాన్ని తెలుపుతుంది. గడియారం ఒక్క నిమిషం తప్పితే భూమధ్యరేఖ వద్ద లెక్క 15 నాటికల్ మైళ్ళు తప్పుతుంది. ఆయన పాత క్రోనోమీటరును బాగుచేయడానికి 15 డాలర్లు అడిగారు. ఆయన దానిని ఇంటివద్దనే వదిలి, యార్మత్‌లో ముఖం పగిలిన రేకు గడియారాన్ని ఒక డాలరుకు కొన్నాడు. కొన్నాళ్ళకు దాని నిమిషాల ముల్లు కూడా ఊడిపోయింది. అసలు ఆధారం గడియారం కాదు. అక్షాంశం సూర్యుని ఎత్తునుబట్టి, వేగం, దిశ అనుభవాన్నిబట్టి ఆయన అంచనా వేసేవాడు. పసిఫిక్ మధ్యలో ఒకసారి చంద్రునికీ, సూర్యునికీ గల దూరాన్ని కొలిచి రేఖాంశం లెక్కించగా, పొంతన కుదరలేదు. తప్పు తన కొలతలో కాక అచ్చుపట్టికలోనే ఉందని కనుగొని సరిచేశాడు. బడి మూడవ తరగతితో ముగిసిన మనిషి ఈ పని చేశాడు.

1895 జూలై మొదట్లో నోవా స్కోషియా తీరం విడిచి అట్లాంటిక్‌లో ప్రవేశించాడు. మొదటి రోజుల పొగమంచులో ఒంటరితనం ఆయనను బాధించింది. మాట మరచిపోతానేమోనన్న భయంతో, లేని నావికునికి బిగ్గరగా ఆజ్ఞలిచ్చేవాడు. తన గొంతు తనకే బోలుగా వినిపించి, ఆ పద్ధతి మాని పాటలు పాడడం మొదలుపెట్టాడు. ఆ పాటలకు సముద్రపు తాబేళ్ళు తలలెత్తి చూసేవని, డాల్ఫిన్లు ఎగిరి గంతులు వేసేవని సరదాగా వ్రాసుకున్నాడు.

అజోర్స్ దీవులలో పెట్టిన పండ్లు, జున్ను తిని కడుపునొప్పితో గదిలో స్పృహ తప్పి పడిపోయాడు. బయట గాలివాన. కళ్ళు తెరచి చూస్తే కొలంబసు కాలపు వేషంలో ఒక పొడవాటి నావికుడు చుక్కాని వద్ద కనిపించాడు. అది జ్వరపు భ్రమ. అయితే మర్నాడు లెక్కచూస్తే రాత్రంతా స్ప్రే సరైన దారిలోనే నడిచింది.

ఆగస్టు 4న జిబ్రాల్టరు చేరాడు. మధ్యధరా సముద్రం, సూయజ్ మీదుగా తూర్పుకు సాగాలన్నది మొదటి ఆలోచన. అటువైపు సముద్రపు దొంగలున్నారని బ్రిటిష్ నౌకాధికారులు హెచ్చరించడంతో, మళ్ళీ అట్లాంటిక్‌ను దాటి దక్షిణ అమెరికా చుట్టి పడమరగా పోవాలని నిశ్చయించాడు. అయినా మొరాకో తీరాన ఒక దొంగల పడవ వెంటబడింది. ఇంతలో వచ్చిన పెనుగాలికి స్ప్రే తెరచాప దూలం విరిగింది కాని, వెంటబడినవారి స్తంభమే కూలిపోయింది.

ఉరుగ్వే తీరాన చీకటిలో స్ప్రే ఇసుకమీద ఎక్కినపుడు, లంగరును దూరంగా వేయడానికి చిన్న పడవలో వెళ్ళి స్లోకమ్ నీటిలో పడ్డాడు. ఈత రాదు. తలక్రిందులైన పడవ అంచును పట్టుకొని, దానిని తిరగదిప్పుకొని ఎలాగో ఒడ్డు చేరాడు.

పటగోనియా తీరం దాటుతుండగా కొండంత అల ఒకటి లేచి వస్తున్నట్టు కనబడింది. తెరచాపలు దింపే వ్యవధి మాత్రమే ఉంది. స్లోకమ్ స్తంభపు త్రాళ్ళు పట్టుకొని పైకి ఎగబ్రాకాడు. ఒక నిమిషంపాటు క్రింద పడవ అనేదే కనబడలేదు, నీరే కనబడింది. తరువాత స్ప్రే వణకుతూ పైకి తేలింది.

1896 ఫిబ్రవరి 14న మెజెల్లాన్ జలసంధిలోని పుంటా అరీనాస్ చేరాడు. ముందు దారిలో స్థానిక తెగలవారు దాడి చేయవచ్చునని, అక్కడి నావికుడు పెడ్రో సాంబ్లిచ్ ఒక సంచెడు చిన్న మేకులు ఇచ్చాడు. రాత్రి పడుకొనేముందు స్లోకమ్ వాటిని డెక్కుమీద మొనలు పైకి ఉండేలా చల్లేవాడు. ఒక రాత్రి పడవలోకి వచ్చినవారు ఉత్తకాళ్ళతో వాటిమీద అడుగుపెట్టి కేకలు వేస్తూ నీళ్ళలోకి దూకారు. గ్రంథంలో అందరినీ నవ్వించే ఘట్టమిది. కాని ఆ తెగల గురించి స్లోకమ్ వ్రాసిన మాటలలో ఆనాటి తెల్లవారి చిన్నచూపు కనిపిస్తుందని కూడా గమనించాలి. గొర్రెల పెంపకానికి వచ్చిన వలసదారులు సరిగ్గా ఆ కాలంలోనే ఆ ప్రాంతపు ప్రజలను వారి నేలనుండి తరిమివేస్తూ ఉన్నారు. వేట, జబ్బులు కలిసి కొద్ది దశాబ్దాలలోనే ఆ జాతులను దాదాపు తుడిచిపెట్టాయి.

మార్చి 3న పసిఫిక్‌లోకి అడుగుపెట్టగానే వాయువ్యపు తుఫాను ఆయనను దక్షిణానికి కేప్ హార్న్ వైపు తరిమింది. రోజులతరబడి పోరాడి మళ్ళీ తీరం వైపు మళ్ళగా, రాత్రి చీకటిలో ఎటు చూసినా బండలపై విరిగే తెల్లని నురగే కనిపించింది. నావికులు పాలపుంత అని పిలిచే ఆ రాళ్ళ సముద్రాన్ని డార్విన్ కూడా బీగిల్ ఓడపైనుండి చూసి భయపడ్డాడు. పగటిపూట పెద్ద ఓడలే దూరంగా తప్పుకునే ఆ చోట స్లోకమ్ రాత్రంతా నురగల మధ్య ఖాళీలు వెదుక్కుంటూ బయటపడ్డాడు. తన జీవితంలోని అతిగొప్ప సముద్ర సాహసం ఇదేనని ఆయన అభిప్రాయం. జలసంధిని మళ్ళీ దాటి, ఏప్రిల్ 13న చివరకు పసిఫిక్‌లో పడ్డాడు.

జువాన్ ఫెర్నాండెజ్ దీవినుండి సమోవా వరకు 72 రోజులు ఎక్కడా ఆగలేదు. వ్యాపార పవనాలు నిలకడగా వీచే ఈ దారిలో ఆయన పుస్తకాలు చదువుకుంటూ గడిపాడు. సమోవాలో రచయిత స్టీవెన్‌సన్ భార్య ఫానీ ఆయనను ఆదరించి, భర్త వాడిన సముద్రమార్గ గ్రంథాలను బహూకరించింది. మెల్‌బోర్నులో రేవు పన్ను కట్టవలసి వస్తే, పడవను చూడటానికి జనంవద్ద ఆరేసి పెన్నీలు వసూలుచేసి దానిని రాబట్టుకున్నాడు. జనం తగ్గాక పన్నెండు అడుగుల సొరచేపను పట్టి ప్రదర్శనకు పెట్టాడు.

రోడ్రిగ్స్ దీవి చేరేసరికి, అక్కడి మతగురువు అంతకుముందే క్రీస్తు విరోధి రాకను గురించి ప్రసంగించి ఉన్నాడు. ఒంటరి మనిషి తెరచాప నిండా గాలితో దూసుకురావడం చూసి కొందరు అతడే ఇతడనుకొని హడలిపోయారు. దక్షిణాఫ్రికాలో ట్రాన్స్‌వాల్ అధ్యక్షుడు క్రూగర్‌ను కలిసినపుడు ఇంకొక చిక్కు వచ్చింది. భూమి బల్లపరుపుగా ఉందని నమ్మే ఆ పెద్దమనిషి, ఎవరైనా ప్రపంచంలో తిరగవచ్చుగాని ప్రపంచం చుట్టూ తిరగడం అసాధ్యమని కొట్టిపారేశాడు.

1898 మే 8న, తాను 1895లో అట్లాంటిక్‌లో పోయిన దారిని స్ప్రే అడ్డంగా దాటడంతో ప్రదక్షిణ పూర్తయింది. అప్పటికే స్పెయిన్‌తో అమెరికాకు యుద్ధం మొదలైంది. ఆ సంగతి ఆయనకు ఎదురైన ఓరెగాన్ యుద్ధనౌక ద్వారా తెలిసింది. న్యూయార్కు తీరాన ఇంకొక సుడిగాలిని తప్పించుకొని జూన్ 27న న్యూపోర్టు చేరి, జూలై 3న ఫెయిర్‌హేవెన్‌లో, స్ప్రేను మొదటిసారి నీటిలో దించినప్పుడు కట్టిన గుంజకే దానిని మళ్ళీ కట్టాడు.

పడవలో జీవజాలం

సముద్రజీవులతో స్లోకమ్ సంబంధం నేటి పాఠకులకు ప్రత్యేకంగా ఆసక్తి కలిగిస్తుంది. ఆయన వేటగాడు కాదు. అట్లాంటిక్‌లో నిద్రపోతున్న ఒక తాబేలును పొడిచి భోజనం చేసుకున్న మాట నిజమే. అయితే యాత్ర సాగినకొద్దీ, అంతులేని నీటిలో కనబడే ప్రాణిని చంపడానికి ఆయనకు చేతులు రాలేదు. సొరచేపలకు మాత్రం ఈ దయ వర్తించలేదు. వాటిని సముద్రపు పులులుగా ఎంచి నిస్సంకోచంగా చంపేవాడు. ఆహారం విషయంలో సముద్రమే సాయపడింది. రాత్రివేళ ఎగిరే చేపలు తెరచాపకు తగిలి డెక్కుమీద పడేవి. తెల్లవారి వాటిని ఏరుకొంటే ఉదయపు భోజనం సిద్ధం. బంగాళాదుంపలు, ఉప్పుచేప, బిస్కట్లు, కాఫీ మిగతా సరుకు. గదిలోని దీపమే పగలు పొయ్యి.

మార్క్వెసాస్ దీవుల దారిలో ఒక రాత్రి పెద్ద తిమింగలం దాదాపు స్ప్రేను ఢీకొన్నంత పని చేసింది. దాని తోక లేపిన నీటికి ఆయన తడిసిపోయాడు. తిమింగలమూ తనలాగే బెదిరిపోయిందని ఆయన భావించాడు.

పడవలోని చిన్న జీవులనుకూడా ఆయన శ్రద్ధగా గమనించాడు. బోస్టన్ నుండి వచ్చిన సాలెపురుగు ఒకటి పడవలో కాపురముండేది. మెజెల్లాన్ జలసంధిలో వంటచెరకుతోబాటు వచ్చిన మరొక సాలెపురుగుతో అది పోరాడి, దానిని కాళ్ళు విరిచి చంపింది. ఒక జెర్రి నిద్రలో ఆయన తలపై కుట్టింది. కీలింగు దీవులలో ఎక్కించుకున్న చెట్లెక్కే పీత ఒకటి పెట్టెలోంచి తప్పించుకొని ఆయన కోటును చింపివేసింది. సెంట్ హెలీనాలో ఒకరు ఇచ్చిన మేక అన్నిటికన్నా ప్రమాదకరమని తేలింది. కట్టిన త్రాళ్ళు తిని, గడ్డి టోపీ తిని, వెస్టిండీస్ సముద్రపటాన్ని కూడా తినివేసింది. దానిని అసెన్షన్ దీవిలో దించివేశాడు గాని, పటం లేకుండానే ఆ చిక్కుదీవులగుండా పోవలసివచ్చింది.

గ్రంథం, చివరి సంవత్సరాలు

యాత్రా కథనం మొదట సెంచరీ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1900లో సెయిలింగ్ ఎలోన్ అరౌండ్ ద వరల్డ్ అనే గ్రంథంగా వెలువడింది. సూటిగా, పొడి హాస్యంతో నడిచే ఈ రచన వెంటనే ఆదరణ పొంది, పలు భాషలలోకి అనువాదమైంది. తనను గురించి తక్కువగా, పడవను గురించి ఎక్కువగా చెప్పడం దీని ప్రత్యేకత. వర్జీనియా మరణించిన బ్యూనస్ అయిరిస్‌ను ప్రస్తావించిన పుటలలో సైతం ఆయన తన దుఃఖాన్ని బయటపెట్టడు. 1901లో బఫెలోలో జరిగిన ప్రదర్శనలో స్ప్రేను ఉంచారు. వచ్చిన డబ్బుతో 1902లో మార్తాస్ వినియార్డ్ దీవిలోని వెస్ట్ టిస్‌బరీలో ఒక వ్యవసాయక్షేత్రం కొన్నాడు. నేలమీద నిలవలేకపోయాడు. చలికాలాల్లో ఒంటరిగా వెస్టిండీస్‌కు వెళ్ళేవాడు.

1906లో న్యూజెర్సీలోని రివర్టన్‌లో పన్నెండేళ్ళ బాలికపట్ల అసభ్యంగా ప్రవర్తించాడన్న అభియోగంపై ఆయనను నిర్బంధించారు. ఆయన అభియోగాన్ని ఎదిరించి వాదించలేదు. 42 రోజులు జైలులో గడిపాడు. ఆయనను అభిమానించి వ్రాసిన పలువురు ఈ విషయాన్ని దాటవేయడమో, తేలికచేయడమో జరిగింది. అదే సంవత్సరం అమెరికా అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఆయనను తన ఇంట ఆదరించాడు.

1909 నవంబరులో, 65 ఏళ్ళ వయసులో, దక్షిణ అమెరికా నదులను చూడాలని స్ప్రేలో బయలుదేరాడు. అప్పటికి పడవ కూడా పాతబడి, మరమ్మతు లేక వదులైపోయింది. ఆ తరువాత ఆయన గాని, స్ప్రే గాని ఎవరికీ కనిపించలేదు. రాత్రివేళ ఆవిరి ఓడ ఏదో ఢీకొని ఉండవచ్చునన్నది ఒక ఊహ. 1924లో న్యాయస్థానం ఆయన మరణించినట్లు ప్రకటించింది.

వారసత్వం

స్ప్రే నమూనాలో తరువాతి కాలంలో ఎన్నో పడవలు నిర్మించారు. ఫ్రెంచి నావికుడు బెర్నార్డ్ మొయితెస్యే తన పడవకు జాషువా అని పేరు పెట్టుకున్నాడు. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూమిని చుట్టినవారిలో మొదటివాడు రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ (1968–69). మనుషులు లేకుండా సముద్రగర్భంలో సంచరించి ఉష్ణోగ్రత, లవణీయత వంటివి కొలిచే యంత్రాలలో ఒక రకానికి స్లోకమ్ గ్లైడర్ అని పేరు. వాటిలో ఒకటి 2009లో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటింది.

భారతీయులలో ఒంటరిగా భూప్రదక్షిణ చేసిన మొదటివాడు నౌకాదళానికి చెందిన దిలీప్ దోండే (2009–10, మాదేయి పడవలో). అభిలాష్ టామీ 2012–13లో ఎక్కడా ఆగకుండా దీనిని సాధించాడు. 2017 సెప్టెంబరు 10న గోవానుండి తారిణి అనే పడవలో ఆరుగురు మహిళా నౌకాధికారులు బయలుదేరి 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. కేప్ హార్న్ దక్షిణపు జలాలను వారు తెరచాపతోనే దాటారు.